వాన పడ్డాక నేల ఏం చేస్తుంది?

(స్మారక ఉపన్యాస పాఠం)

సభాధ్యక్షులకు, మాస్టారి కుటుంబ సభ్యులకు, ఆయన దగ్గర నాతోపాటు బెత్తం దెబ్బలు తిన్న మిత్రులకు, ఆయన్ని చూడకపోయినా ఇవాళ ఇంత ఎండలో ఇక్కడికి వచ్చిన పిల్లలకు నమస్కారం.

మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్దక్షరాల్లో ఉంది. నేను మళ్ళీ పలకను. బతికున్నప్పుడు ఈ ఊళ్ళో ఎవరం పలకలేదు. ఎంతమంది మాస్టార్లున్నా ‘మాస్టారు’ అంటే ఆయనే. మాకు భూగోళం చెప్పేవారు. క్లాసు గోడకి భారతదేశ నేలల పటం ఒకటి వేలాడుతుండేది. కిందివైపు కర్ర విరిగి, గుజరాత్ దగ్గర చెదలు తిని ఉండేది. ఎనిమిదో తరగతిలో ఒకరోజు, “మన దేశంలో నేలలు ఎన్ని రకాలురా?” అని అడిగారు. నేను లేచి గడగడా అప్పజెప్పాను. ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేలలు, లాటరైట్, ఎడారి నేలలు, చౌడు, పీట్ నేలలు, అడవి-కొండ నేలలు. మొత్తం ఎనిమిది.

“బాగుంది. మీ పొలం ఇందులో ఏది?”

“నల్లరేగడి మాస్టారూ.”

“వాన పడ్డాక అది ఏం చేస్తుంది?”

నాకు నోట మాట రాలేదు. పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. “మీ నాన్ననడిగి రేపు చెప్పు” అన్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర నాన్ననడిగాను. “ఏం చేస్తుందిరా, మూడ్రోజులు మనల్ని చేలో అడుగు పెట్టనివ్వదు” అన్నాడు. మర్నాడు భయంభయంగా ఆ మాటే చెప్పాను. మాస్టారు నవ్వలేదు. “అది రాసుకో. పటంలో నల్లరంగు పక్కన రాసుకో” అన్నారు.

ఆ తర్వాత నేను నేలల సర్వేలో చేరి ముప్పై నాలుగేళ్ళు గుంటలు తవ్వించాను. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఒక్క ప్రశ్నకి ఆలస్యంగా రాసిన జవాబు. ఈ దేశంలోని నేలల్ని మనం రంగులతో గుర్తుపెట్టుకున్నాం. వాటిని గుర్తుపెట్టుకోవలసింది నీటితో అవి నడుచుకునే తీరుతో. రంగు కూడా చివరికి ఆ నడత నుంచి వచ్చిందే. నా వాదన ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

సాక్షుల్ని వెంట తెచ్చుకున్నాను. ఈ బల్ల మీద మూడు ప్లాస్టిక్ గ్లాసులు, ఒక గాజుసీసా ఉన్నాయి. గ్లాసులకి అడుగున సూదితో బెజ్జాలు పొడిచి, పాతగుడ్డ వేసి మట్టి నింపాను. ఒకదాంట్లో చెల్క అనే ఎర్ర ఇసుకనేల, ఒకదాంట్లో బీటలు వారిన రేగడి గడ్డలు, ఒకదాంట్లో గోదావరి లంక ఒండ్రు. ఇప్పుడు మూడింట్లోనూ సమానంగా నీళ్ళు పోస్తున్నాను. వెనక వరసవాళ్ళకి కనిపిస్తోందా? చూడండి, రేగడి గ్లాసులోంచి నీళ్ళు అప్పుడే కిందికి కారిపోతున్నాయి. చెల్కలో ఇంకా నెమ్మదిగా దిగుతున్నాయి. రేగడి నీళ్ళు నిలుపుతుందని చదువుకున్నామే, ఇదేమిటి అనుకుంటున్నారు కదూ? కాస్త ఓపిక పట్టండి. సీసా సంగతి తర్వాత చెబుతాను.

1. ఎనిమిది రంగులు

మన నేలల్ని శాస్త్రీయంగా వర్గాలు చేసే పని పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఊపందుకుంది. జాన్ అగస్టస్ వోల్కర్ ఇంగ్లండ్ నుంచి వచ్చి దేశమంతా తిరిగి 1893లో భారత వ్యవసాయం మీద నివేదిక ఇచ్చాడు. మన రైతుకి వ్యవసాయం రాదనుకుని వచ్చినవాళ్ళకి ఆ నివేదిక కొంచెం చేదుగానే ఉండి ఉంటుంది. ఆయన మన రైతు పనితనాన్ని మెచ్చుకున్నాడు. తర్వాత ప్రభుత్వ వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ లెదర్ 1898లో మన నేలల్ని నాలుగు పెద్ద కుటుంబాలుగా విడగొట్టాడు. సింధు-గంగా ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేల, లాటరైట్. నేను అప్పజెప్పిన ఎనిమిదీ ఈ నాలుగింటి మీద కట్టిన మేడ. ఇప్పుడు నాగపూర్‌లో ఉన్న జాతీయ నేలల సర్వే సంస్థ 1976లో ఏర్పడ్డాక లెక్క ఇంకా సూక్ష్మమైంది.

ఈ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను. దాంతోనే అన్నం తిన్నాను. అయితే పటం ఏం చూపగలదో, ఏం చూపలేదో తెలిసి ఉండాలి. పది లక్షలకి ఒకటి కొలతలో వేసిన పటంలో ఒక సెంటీమీటరంటే నేల మీద పది కిలోమీటర్లు. మీకు రెండెకరాలుందనుకోండి. అది చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు తొంభై మీటర్లు. ఆ పటం మీద అది మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. పెన్సిలు మొన పెడితే మీ పొలమూ, మీ పాలివాళ్ళ పొలమూ, మధ్యలో గట్టు తగాదా కూడా దానికింద మాయమైపోతాయి.

నేల మారేది ఆ పెన్సిలు మొన కిందే. ఆ సంగతి నాకు తెలిపిన మనిషి నేలశాస్త్రం చదవలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అప్పటి మెదక్ జిల్లాలో ఒక ఊరి బయట రోడ్డుమీద జీపు ఆపి, కనిపించినంత మేరా ఎర్రగా ఉంటే ‘ఎర్రనేల’ అని ఫారం నింపుతున్నాను. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక పెద్దామె ఆగి, ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను.

“ఏడ నిలబడి రాస్తున్నవు బిడ్డా?” అంది. “గీడ చెల్క. ఆ తుమ్మచెట్టు దాటితె దుబ్బ. కుంట కాడికి పోతె రేగడి. మూడింట్ల ఒక్కతీరు పండుతదా?”

తుమ్మచెట్టు దాకా నడిచాను. అటునుంచి కుంట దాకా నడిచాను. మొత్తం అర కిలోమీటరు ఉండదు. మూడుచోట్లా గుంటలు తవ్వించాను. ఆమె చెప్పినట్టే ఉంది. ఆ రోజునుంచి నేను రోడ్డుమీద నిలబడి ఫారం నింపలేదు.

2. పేర్లు ఎక్కడివి?

నేలల శాస్త్రంలో పాత ఇంగ్లిషు పుస్తకాలు తిరగేస్తే నల్లనేలకి ‘రెగర్’ అనే మాట కనబడుతుంది. అది మన రేగడి. తెలుగు రైతు నోట్లోంచి దొరల రికార్డుల్లోకి, అక్కణ్ణుంచి ప్రపంచ పుస్తకాల్లోకి వెళ్ళింది. వెళ్ళే దారిలో ‘డ’ పోగొట్టుకుంది.

లాటరైట్ కథ ఇంకా బావుంటుంది. టిప్పు సుల్తాన్ పడిపోయాక, కొత్తగా చేతికొచ్చిన సీమలు చూసి రమ్మని ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టర్ని కంపెనీవాళ్ళు పంపారు. 1800లో మద్రాసు నుంచి బయల్దేరి మైసూరు, మలబారు తిరిగాడు. కేరళలో ఇప్పటి మలప్పురం జిల్లా అంగాడిపురం దగ్గర ఒక వింత చూశాడు. జనం నేలని గొడ్డలిలాంటి పనిముట్టుతో దిమ్మెలుగా కోసి పైకి తీస్తున్నారు. కోసేటప్పుడు మెత్తగా ఉంది, గాలి తగిలాక ఇటుకలా గట్టిపడుతోంది. ఆ దిమ్మెలతోనే ఇళ్ళు కడుతున్నారు. అక్కడి భాషల్లో దాన్ని ఇటుకరాయి అంటారని రాసుకుని, లాటిన్‌లో ఇటుకకున్న మాటతో ‘లాటరైట్’ అని పేరు పెట్టాడు. 1807లో ఆయన పుస్తకం అచ్చయింది. ప్రపంచమంతా వాడే ఆ పేరు మన తాపీవాళ్ళ మాటకి లాటిన్ తొడుగు. అంగాడిపురంలో ఆ సంగతికి గుర్తుగా స్మారక ఫలకం కూడా ఉంది.

దేశం నాలుగు మూలలా ఇలాంటి పేర్లున్నాయి. గంగామైదానంలో ఏటా వరద తడిపే పల్లపు ఒండ్రు ఖాదర్, వరద అందని పాత మెరక ఒండ్రు భాంగర్. హిమాలయాల పాదాల దగ్గర వాగులు గులకరాళ్ళలో ఇంకి మాయమయ్యే పట్టీ భాబర్. ఆ నీళ్ళే దిగువన మళ్ళీ ఊరి చిత్తడి చేసే చోటు తెరాయి. ఈ నాలుగు మాటల్లో ఒక్కదానికీ రంగు లేదు. వరద వచ్చేచోటు, రాని చోటు, నీళ్ళు దాక్కునే చోటు, బయటపడే చోటు. అంతే. మా మాస్టారి ప్రశ్నకి ఉత్తరాది రైతులు ఎప్పుడో నాలుగు మాటల్లో జవాబు చెప్పేశారు.

3. నల్లనివన్నీ...

‘తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు’ అని నమ్మేవాణ్ణి మనం అమాయకుడంటాం. నేలల విషయంలో మనందరం ఆ అమాయకులమే. నల్లనేల అంటే సారవంతం అని ఒక నమ్మకం. నల్లగా ఉంది కాబట్టి ఎరువు దండిగా ఉందనుకుంటాం. రేగడిలో సేంద్రియ పదార్థం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. దాని బలం రంగులో లేదు, బంకలో ఉంది.

దక్కన్ పీఠభూమి మీద సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా పారింది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరుచుకుని ఉంది. అది చివికి వచ్చిన బంకమట్టి రేణువు పేక ముక్కల కట్టలాంటిది. తడిస్తే ముక్కల మధ్యకి నీళ్ళు దూరి కట్ట ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో మీటరు లోతు దాకా నెర్రెలు విచ్చేది అందుకే. ఎండు మట్టి ఆ నెర్రెల్లోకి రాలుతుంది, వాన పడ్డాక కింద ఉబ్బి మీదికి తోస్తుంది. రేగడి తనని తానే దున్నుకుంటుందని అనేది అందుకే. అమెరికావాళ్ళ వర్గీకరణలో దీన్ని ‘వెర్టిసాల్’ అన్నారు. తిరగబడే నేల అని దాని అర్థం.

ఇప్పుడు గ్లాసు చూడండి. మొదట పోసిన నీళ్ళు నెర్రెల గుండా పారిపోయాయి కదా. ఇప్పుడు మళ్ళీ పోస్తున్నాను. దిగడం లేదు, చూశారా? గడ్డలు ఉబ్బి తలుపులు మూసుకున్నాయి. తొలకరి వానని రేగడి నిలువునా మింగేస్తుంది, నాలుగో వానని గుమ్మంలోనే నిలబెడుతుంది. ఒకే నేల, జూన్‌లో ఒక గుణం, ఆగస్టులో ఒక గుణం. మా నాన్నని మూడ్రోజులు బయట నిలబెట్టింది ఇదే. పదును రాకముందు అరక కడితే కర్రు నిండా బంక, పదును దాటాక కడితే ఇనుపగడ్డలు. ఆ మధ్యనున్న కొద్ది రోజులే వ్యవసాయం. అందుకే చాలా రేగడి సీమల్లో వానాకాలమంతా పొలం ఖాళీగా వదిలి, నేల కడుపులో దాచుకున్న తడి మీద రబీలో జొన్నో శనగో వేసేవారు. కర్నూలు, ప్రకాశం వైపు శనగ మంచుకే పండుతుందంటారు. మంచు పేరు చెప్పుకుంటాం గానీ, నీళ్ళు పోసేది కిందున్న రేగడి.

ఇళ్ళకి మాత్రం ఇది చుట్టం కాదు. ముప్పై నాలుగేళ్ళు నేలలు చూసినవాణ్ణి, నేను కట్టుకున్న ఇల్లు రేగడిలోనే. “ఇంకో మూడడుగులు దిగుదాం సార్” అని మేస్త్రీ అడిగాడు. ఖర్చని నేనే వద్దన్నాను. మూడో వేసవికి వంటింటి గోడలో క్యాలెండరు వెనక దాచవలసినంత బీట పడింది. ఇప్పటికీ ఆ క్యాలెండరు అక్కడే ఉంది. నవ్వండి, ఫరవాలేదు. ఇలాంటి నేలలకోసమే రూర్కీలోని భవన పరిశోధన సంస్థవాళ్ళు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బెత్తుగా ఉండే స్తంభపు పునాదిని రూపొందించారు. నేల ఉబ్బి ముడుచుకునే లోతుని దాటి, కదలని పొరలో పట్టు దొరికించుకోవడం అందులోని కిటుకు.

ఇక రెండో నలుపు. కేరళలో కుట్టనాడు వెళ్ళండి. సముద్ర మట్టంకన్నా దిగువన గట్లు కట్టి వరి పండిస్తారు. అక్కడి నేల ‘కరి’. మలయాళంలో బొగ్గు అని అర్థం. బొగ్గులాగే ఉంటుంది, ఎప్పటివో మునిగిన చెట్ల మొద్దులు కూడా దొరుకుతాయి. ఈ నలుపు నిజంగా కుళ్ళిన చెట్టుచేమలదే. కానీ నీళ్ళు తోడేసి ఆరబెట్టారా, లోపలున్న గంధకపు ఖనిజం గాలి తగిలి ఆమ్లమవుతుంది. రేగడికి ఆరుదల కావాలి, కరికి తడి కావాలి. పటంలో రెంటికీ నలుపు పూసి ఒకే మందు రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మూడో నలుపు ఈ సీసాలో ఉంది. కారుచౌడు. దాని దగ్గరికి వస్తాను.

4. వాలు మీద ఎరుపు

గడ్డిమోపు పెద్దామె చెప్పిన వాలు దగ్గరికి మళ్ళీ వెళ్దాం. పైన చెల్క, మధ్యలో దుబ్బ, కింద రేగడి. ఒకే వాన, ఒకే గ్రానైటు రాయి. మరి మూడు నేలలెందుకు?

వాన పైనుంచి కిందికి వస్తూ ఊరికే రాదు. రాయి చివికినప్పుడు విడుదలయ్యే సున్నం, మెగ్నీషియం, సిలికా కొద్దికొద్దిగా కరిగించుకుని దిగువకి మోసుకుపోతుంది. పైన మిగిలేది ఉబ్బని రకం బంక, ఇసుక, ఇనుము. నీళ్ళు నిలవకుండా జారిపోయి గాలి ఆడేచోట ఆ ఇనుము తుప్పు పడుతుంది. అదే ఎరుపు. కాస్త తేమ ఎక్కువుండేచోట అదే ఇనుము నీటిని కలుపుకుని పసుపవుతుంది. నీళ్ళు నిలిచి గాలి ఆడని చోట బూడిదరంగుకి తిరుగుతుంది. దిగువకి చేరిన సున్నం, సిలికా అంతా అక్కడ ఉబ్బే బంకగా తయారై రేగడి అవుతుంది. అంటే రేగడికి లావారాయే ఉండాలని లేదు. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల గ్రానైటు జాతి రాళ్ళ మీద కూడా పల్లంలో రేగడి పుట్టింది.

అందుకే నేను రంగు అబద్ధమని అనలేదు. గుంటలో మీటరు లోతున బూడిదరంగు మచ్చలు కనబడితే, ఏడాదిలో కొంతకాలం అక్కడిదాకా నీళ్ళు నిలిచాయని అర్థం. వేసవిలో వెళ్ళినా వానాకాలం సంగతి తెలిసిపోతుంది. రంగు నీళ్ళ లెక్కల పుస్తకం. చదవడం వచ్చినవాడికి పనికొస్తుంది, అట్ట చూసి వదిలేసేవాడికి కాదు.

ఈ ఎర్రనేలనీ, రేగడినీ ఒకే కంచె లోపల చూడాలనుకునేవాళ్ళు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు వెళ్ళండి. 1972లో ఇక్రిశాట్ అక్కడ వెలిసింది. ఆ ఆవరణలో ఒకవైపు ఎర్రనేల, ఒకవైపు రేగడి. మెట్ట పంటల పరిశోధనకి అంతకన్నా ఏం కావాలి? 1976 నుంచి అక్కడ రేగడిలో ఒక దీర్ఘకాల ప్రయోగం నడుస్తోంది. వాలుని చూసుకుని వెడల్పాటి మడులు, వాటి మధ్య కాలువలు తీర్చి, ఎక్కువైన నీళ్ళని కోత పడకుండా మెల్లగా బయటికి పంపి, వానాకాలంలోనూ పంట తీశారు. ఖాళీగా వదిలే నేల రెండు పంటలు మోసింది. మట్టి మారలేదు. నీటికి దారి చూపించారు.

చెల్క కష్టం దీనికి తలకిందులు. వాన వెలిసిన మర్నాడే అరక కట్టొచ్చు, పది రోజులు వాన లేకపోతే పైరు తల వాలుస్తుంది. గట్టివాన పడితే పైన పల్చటి పొర కట్టి మొలకని పైకి రానివ్వదు, నీటిని లోపలికి పోనివ్వదు. దానికి తెలంగాణ రైతు కనిపెట్టిన వైద్యం చెరువు మట్టి. పైనుంచి కొట్టుకొచ్చిన మెత్తటి మట్టి చెరువులో చేరుతుంది. వేసవిలో బండ్లకెత్తి మళ్ళీ చెల్కలో పోస్తారు. వాన కిందికి దించినదాన్ని ఎడ్లు పైకి ఎక్కించడమన్నమాట. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఎడ్లబండి స్థానంలో ట్రాక్టరు వచ్చింది గానీ, లెక్క అదే.

5. నది పెట్టినవి

దేశ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం ఒండ్రు నేలలు. అన్నం పెట్టే నేలలు కాబట్టి వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క మాట. నది మట్టిని జల్లెడ పట్టి దించుతుంది. వేగంగా ఉన్నచోట ఇసుక, నెమ్మదించినచోట గరప, ఆగినచోట బంక. మన గోదావరి లంకల్లో పొగాకు వేసేవాళ్ళని అడగండి. ఏ ఏడు వరద ఇసుక మేట వేసిందో, ఏ ఏడు ఒండ్రు పెట్టిందో చెబుతారు. మొదటిది శాపం, రెండోది వరం. రెంటినీ తెచ్చింది ఒకే నది, ఒకే నెలలో.

కశ్మీర్‌లో ‘కరేవా’ అనే మెరక దిబ్బలు పాత సరస్సుల అడుగు మట్టి. పాంపోర్ దగ్గర వాటి మీదే కుంకుమపువ్వు పండిస్తారు. ఆ దుంప దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. అంత ఖరీదైన పంట నీళ్ళు జారిపోయే దిబ్బని వెతుక్కుని కూర్చుంది.

ఒండ్రు మెత్తనైంది కాబట్టి దాని మరణం కూడా నీటివల్లే. చంబల్ లోయలో వాన కోసిన బీహడ్‌లు ఒకప్పుడు బందిపోట్లు దాక్కునేంత లోతు. అవన్నీ ఒండ్రు గుండెలో పడ్డ గాట్లే. పంజాబ్‌లో శివాలిక్ కొండల్నించి దూకి పొలాల్ని ఇసుకపాలు చేసే వాగుల్ని ‘చో’ అంటారు. ఆ బాధ పడలేక 1900లోనే వాటి పేరుతో ఒక చట్టం చేశారు. ఒక మట్టికోతని ఊరివాళ్ళు పిలిచే పేరుతోనే చట్టంలోకి ఎక్కించడం చూసి నాకు ముచ్చటేసింది.

6. మనం పాడుచేసినవి

ఇక సీసా. ఇందులో కారుచౌడు. నిన్న రాత్రి పది గంటలకి నీళ్ళు పోసి గిలక్కొట్టాను. ఇప్పటికీ తేరలేదు, చూడండి. టీ డికాషన్‌లా ఉంది.

మన రైతులు చౌడుని రెండుగా చెబుతారు. పాలచౌడు, కారుచౌడు. పాలచౌడు మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. తెల్లనివన్నీ పాలు కావని అక్కడ బాగా తెలుస్తుంది. మంచి నీళ్ళు పెట్టి, నిలవకుండా కాలువల్లో తీసేస్తే ఉప్పు కడుక్కుపోతుంది. కారుచౌడులో కథ వేరు. సోడియం బంక రేణువుల్ని పట్టుకుని వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది. విడిపోయిన రేణువులు ప్రతి సందునీ పూడ్చేస్తాయి. నీళ్ళు దిగవు, వేళ్ళు దిగవు. ఉన్న కాస్త సేంద్రియ పదార్థమూ కరిగి పైకి తేలి నల్లగా కనబడుతుంది. దీన్ని నీళ్ళతో కడిగితే ఇంకా బిగుసుకుపోతుంది. దీనికి మందు జిప్సం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది, రేణువులు మళ్ళీ గుంపు కడతాయి. ఆ తర్వాతే కడగాలి, తర్వాత జీలుగ వేసి కలియదున్నాలి. శాస్త్రం రెండు పేర్లు, రెండు మందులు చెప్పిన చోటే మన భాషలో రెండు మాటలు ముందే ఉన్నాయి.

ఇప్పుడు సీసాలో చెంచాడు జిప్సం వేసి కలుపుతున్నాను. పక్కన పెడదాం.

దేశంలో ఉప్పు, చౌడు బారిన పడ్డ నేల సుమారు 67 లక్షల హెక్టార్లు. ఉత్తరప్రదేశ్‌లో ఊసర్, రేహ్ అంటారు, పంజాబ్‌లో కల్లర్. 1969లో ఈ జబ్బుకోసమే ఒక కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడింది. అది కర్నాల్‌లో ఉంది. జిప్సం దారిలో లక్షల హెక్టార్లు మళ్ళీ వరి గోధుమలకి తిరిగొచ్చాయి. ఈ నేలల్లో కొన్ని పుట్టుకతోనే ఇలా ఉన్నాయి. కొన్ని మాత్రం మన చేతి చలవ. 1958లో రాజస్థాన్ ఎడారికి పెద్ద కాలువ తవ్వకం మొదలైంది. ఇప్పుడు ఇందిరాగాంధీ కాలువ అంటున్నాం. ఎడారి పచ్చబడింది, ఒప్పుకోవాలి. కానీ ఇసుక మాత్రమే చూసి నీళ్ళు వదిలినచోట కొన్ని తావుల్లో అడుగున గట్టిపొర ఉంది. నీళ్ళు దిగలేక పైకి ఊరాయి. హనుమాన్‌గఢ్ వైపు ఎడారిలో పొలాలు మునిగాయి, ఉప్పు తేలింది. దానికి అక్కడివాళ్ళ మాట ‘సేమ్’. ఎడారి భాషలో ఊట జబ్బుకి ఒక పేరుండడంకన్నా విచిత్రం ఏముంటుంది? పైరంగు చూశాం, కింద నీళ్ళకి దారి ఉందో లేదో అడగలేదు.

7. కార్డులో లేని గడి

2015 ఫిబ్రవరిలో అదే రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో నేల ఆరోగ్య కార్డుల పథకం మొదలైంది. మంచి పథకం. మీలో చాలామంది ఇళ్ళలో ఆ కార్డుంటుంది. దాంట్లో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. మొదట్లో నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకి, మెట్టలో పది హెక్టార్లకి ఒక నమూనా.

పది హెక్టార్లంటే దాదాపు పాతికెకరాలు. గడ్డిమోపు పెద్దామె వాలులో అందులో మూడు నేలలూ పట్టేస్తాయి. పన్నెండు గడుల్లోనూ లోతు లేదు, వాలు లేదు, నీళ్ళు ఎంతసేపట్లో దిగుతాయో లేదు. రక్తపరీక్ష చేశాం గానీ, రోగి నడుస్తాడా లేదా అని చూడలేదు. ఎంత యూరియా వెయ్యాలో కార్డు చెబుతుంది. వేసింది మర్నాటి వానకి చెల్కలోంచి జారిపోతుందో, రేగడిలో నీళ్ళు నిలిచి గాలిలో కలుస్తుందో చెప్పదు.

దీనికి పెద్ద యంత్రాలక్కర్లేదు. ఈ హాల్లో ఉన్న పిల్లల్ని ఒక పని అడుగుతున్నాను. మీ పొలంలో, పొలం లేకపోతే బడి ఆవరణలో, పైన ఒకచోట, మధ్యలో ఒకచోట, పల్లంలో ఒకచోట జానెడు గుంట తీసి ఒక చెంబు నీళ్ళు పొయ్యండి. ఎన్ని నిమిషాల్లో ఇంకిందో రాయండి. తొలకరిలో ఒకసారి, శ్రావణంలో ఒకసారి. పక్కనే మీ నాన్న, అమ్మ, తాత ఆ చోటుని ఏ పేరుతో పిలుస్తారో రాయండి. చెల్క, దుబ్బ, గరప, పాటిమన్ను, రేగడి, ఏదైతే అది. ఊళ్ళో ఆ మాటలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. కౌలుకి ఇచ్చేసిన పొలానికి పేరు గుర్తుండదు, సర్వే నంబరే గుర్తుంటుంది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. గ్లాసులు చూసి ముగిస్తాను. చెల్క గ్లాసు కింద సాసరు నిండింది, పైన మట్టి అప్పుడే ఆరుతోంది. ఒండ్రు గ్లాసులో నీళ్ళు దిగాయి గానీ, వేలు పెడితే చల్లగా ఉంది. రేగడి మీద నీళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. రేపు ఉదయం ఈ హాలు ఊడ్చేవాళ్ళు వచ్చేసరికీ నిలబడే ఉంటాయి, వాళ్ళకి ముందే క్షమాపణ.

సీసా ఎత్తి చూపిస్తున్నాను. లైటు కాస్త ఇటు తిప్పండి బాబూ. కిందికి దిగింది చూశారా? పైన నీళ్ళు తేరాయి. దీనిగుండా బ్యానరు మీది అక్షరాలు కనబడుతున్నాయి.

మాస్టారూ, ఎనిమిదో తరగతిలో అడిగారు. పటంలో నల్లరంగు పక్కన మా నాన్న మాట రాసుకోమన్నారు. రాసుకున్నాను. మిగతా ఏడు రంగుల పక్కన కూడా రాసుకోవడానికి ఇంతకాలం పట్టింది.